4కే డిస్కుల మీద వర్చువల్ మెషిన్ల డేటా చెడిపోవడంపై ఫిర్యాదు

ఒంగోలు,
ప్రకాశం జిల్లా.

వర్చువల్ డిస్క్ స్టోరేజి సాఫ్ట్‌వేర్ తయారీ సంస్థ,
సాంకేతిక సహాయ విభాగం అధిపతి గారికి

విషయం: 4096 బైట్ల సెక్టార్ల డిస్కుల మీద మీ సాఫ్ట్‌వేర్‌లోని అలైన్‌మెంట్ బగ్గులు, వాటికి మీరిచ్చిన సలహాలపై అభ్యంతరం.

అయ్యా,

ఒంగోలు, నెల్లూరు ఆఫీసుల్లోనూ చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలోనూ మీ సాఫ్ట్‌వేర్ మీద నడిచే వర్చువల్ మెషిన్ల (ఒక సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడి కంప్యూటర్ల) నిర్వహణ మాది. ఆ సర్వర్‌ను హోస్ట్ అని, అందులో నడిచే మెషిన్‌ను గెస్ట్ అని అంటున్నాం. ఇమేజ్ ఫైళ్లను (మెషిన్ల డిస్కులుగా పనిచేసే ఫైళ్లను) పాత డిస్కుల నుంచి 4కే-నేటివ్ డిస్కులకు, అంటే ఒకసారికి చదివే, రాసే కనీస ముక్క (సెక్టార్) 4096 బైట్లే అయినవాటికి, మార్చిన దగ్గర్నుంచీ మూడు రకాల గొడవలు. కొన్ని మెషిన్లు ఇన్‌పుట్-అవుట్‌పుట్ ఎర్రర్ అంటూ ఫైల్ సిస్టమ్‌ను రీడ్-ఓన్లీ చేసుకుంటున్నాయి. డేటాబేసు లాగ్‌లో కొత్తగా రాసిన రికార్డు ఉండాల్సిన చోట పాతదే కనిపిస్తోంది. ట్రిమ్ (వాడని బ్లాకులను వదిలేయమని డిస్కుకు చెప్పే ఆదేశం) నడిచాక, దానితో సంబంధం లేని ఫైలులో సున్నాలు తేలుతున్నాయి. టికెట్ పెడితే వచ్చిన సలహాలు రెండు: గెస్ట్‌కు లాజికల్ సెక్టార్ (డిస్కు బయటికి చెప్పే సైజు) 4096 అని చూపించండి, లేదంటే హోస్ట్ కాషే (హోస్ట్ మెమరీలో డేటాను తాత్కాలికంగా ఉంచడం) ఆన్ చేసుకోండి. తలగడ మారిస్తే తలనొప్పి పోదు.

మొదటి సలహా పాటిస్తే ఉన్న మెషిన్ కూడా పోతుంది. పార్టిషన్ టేబుల్లో చిరునామాలు సెక్టార్ల లెక్కలో ఉంటాయి. 512 లెక్కన 2048వ సెక్టార్ అంటే 1 ఎంబీ దగ్గర. 4096 లెక్కన అదే అంకె 8 ఎంబీ దగ్గరికి చూపిస్తుంది. అక్కడ ఫైల్ సిస్టమ్ మొదలు ఉండదు, మెషిన్ బూట్ కాదు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాటికి ఆ సలహా సరే. ఉన్నవాటికి లాజికల్ సెక్టార్‌ను 512గానే ఉంచి, ఫిజికల్ సెక్టార్‌ను (డిస్కు లోపలి అసలు సైజును) మాత్రం 4096గా చూపించాలి. మీ సెట్టింగుల్లో ఆ రెండింటినీ విడదీసి ఇచ్చే వీలే లేదు.

కాషే ఆన్ చేస్తే ఎర్రర్ మాయమవుతుంది, నిజమే. ఓ-డైరెక్ట్ (కాషేను దాటి నేరుగా డిస్కుకు రాసే పద్ధతి) లేనప్పుడు 512 బైట్ల రాతను కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తన పేజీ కాషేలో సర్దుకుంటుంది. కానీ అదే డేటా గెస్ట్ మెమరీలో ఒకసారి, హోస్ట్ మెమరీలో ఒకసారి కూర్చుంటుంది. పైగా ట్రిమ్ తప్పు అలాగే ఉంటుంది, ఎందుకంటే అది మీ లెక్కలో జరుగుతున్న తప్పు, డిస్కులో కాదు.

ఇన్నాళ్లూ ఇది బయటపడకపోవడానికి కారణం 512ఈ డిస్కులు. లోపల 4096 ఉన్నా బయటికి 512 అని చెప్పుకుని, చిన్న రాతలను తమ ఫర్మ్‌వేర్‌లోనే సర్దుకునేవి. నిదానంగానైనా పని జరిగేది. 4కే-నేటివ్ డిస్కు ఆ మొహమాటం పెట్టుకోదు: ఓ-డైరెక్ట్‌తో వచ్చే ఆఫ్‌సెట్ (మొదలయ్యే స్థానం), పొడవు రెండూ 4096కు నిశ్శేషంగా భాగించబడకపోతే ‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అని కెర్నెల్ తిప్పి పంపేస్తుంది. అప్పుడు 4096 బైట్లు చదివి, అందులో 512 మార్చి, మొత్తం తిరిగి రాసే బాధ్యత మీ సాఫ్ట్‌వేర్‌ది. ఆ పని చేస్తోంది కూడా. తాళం వేయకుండా, అంటే ఆ బ్లాకు మీద మరో పని జరగకుండా ఆపకుండా చేస్తోంది.

ఉదాహరణకు గెస్ట్ ఒకేసారి రెండు రాతలు పంపింది: ఒకటి 4608 ఆఫ్‌సెట్ దగ్గర 512 బైట్లు, రెండోది 5120 దగ్గర 512 బైట్లు. గెస్ట్ దృష్టిలో అవి 9, 10 సెక్టార్లు, ఒకదానితో మరొకదానికి పనిలేదు. డిస్కు మీద మాత్రం రెండూ 4096 నుంచి 8191 దాకా ఉన్న ఒకే బ్లాకు. మీ మొదటి థ్రెడ్ ఆ బ్లాకును చదివింది, రెండో థ్రెడ్ కూడా అదే పాత బ్లాకును చదివింది. మొదటిది 9వ సెక్టార్ మార్చి రాసింది. ఆ తర్వాత రెండోది 10వ సెక్టార్ మార్చి, పాత 9వ సెక్టార్‌తో సహా రాసేసింది. రెండు రాతలకూ ‘సక్సెస్’ అనే జవాబు వెళ్లింది. డేటాబేసు కమిట్ అయిందనుకుంది, రికార్డు లేదు. చాలా డేటాబేసుల లాగ్‌లు 512 బైట్ల ముక్కల్లో వరసగా రాసేవి కనుక దెబ్బ ముందు వాటికే తగులుతోంది.

విండోస్ సర్వర్ 2003 కాలపు మెషిన్లలో ఇది మరీ ఎక్కువ. వాటి మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర, అంటే 32256 బైట్ల దగ్గర మొదలవుతుంది. దాన్ని 4096తో భాగిస్తే 7.875. కాబట్టి ప్రతి 4కే క్లస్టర్ రెండు బ్లాకుల మీద పడుతుంది, పెద్ద రాతకు కూడా రెండు కొసల్లోనూ సర్దుబాటు తప్పదు. 2008 నుంచి విండోస్ సర్వర్ 1 ఎంబీ దగ్గర మొదలుపెడుతోంది, వాటితో ఈ బాధ తక్కువ.

దీనికి మందు తెలిసిందే. చిన్న రాత వచ్చినప్పుడు దాని హద్దులను 4096కు పెంచి, ఆ పెంచిన పరిధిని తాకే రిక్వెస్టులన్నీ అది ముగిసేదాకా ఆగాలి. గెస్ట్ అడిగిన 512 బైట్ల పరిధితో పోల్చితే చాలదు. మీ సాఫ్ట్‌వేర్ ట్రేస్ (అది చేసిన పనుల నమోదు) చూస్తే ఆ పోలిక జరుగుతోంది, పెంచకముందు హద్దులతో.

రీడ్-ఓన్లీ అవుతున్న మెషిన్ల కథ వేరు. గెస్ట్ ఒక రిక్వెస్టును 1024 మెమరీ ముక్కలుగా పంపిందనుకోండి. హద్దులను 4096కు సర్దడానికి ముందు ఒక పూరకం, వెనక ఒక పూరకం మీరు కలిపేసరికి 1026 అవుతుంది. లైనక్స్‌లో ఒక కాల్‌కు పరిమితి 1024, కెర్నెల్ ఒప్పుకోదు. క్యూఈఎంయూ అనే ఓపెన్ సోర్స్ వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే బగ్ ఉండేది. 2023లో సరిచేశారు: లెక్క మించితే కొన్ని ముక్కలను ఒకే తాత్కాలిక బఫర్‌లోకి కలిపి 1024 లోపు పెట్టారు. కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, చూసుకోండి.

ట్రిమ్ విషయంలో జరిగింది మాత్రం క్షమించరానిది. చదవడానికీ రాయడానికీ హద్దును బయటికి పెంచాలి. చెరపడానికి లోపలికి తగ్గించాలి. మీరు అన్నిటికీ ఒకే ఫంక్షన్ వాడుతున్నట్టుంది. గెస్ట్ 6144 ఆఫ్‌సెట్ దగ్గర మొదలుపెట్టి 8192 బైట్ల పొడవున ట్రిమ్ చేయమంటే, పూర్తిగా ఆ పరిధిలో ఉన్న 4కే బ్లాకు ఒక్కటే: 8192 నుంచి 12287 దాకా. దాన్ని చెరిపితే చాలు, కొసలను ముట్టుకోనక్కర్లేదు. మీ సాఫ్ట్‌వేర్ 4096 నుంచి 16383 దాకా చెరిపేస్తోంది. అటు 2048, ఇటు 2048 బైట్లు ఎవరివో పోయాయి. సున్నాలు రాయమన్న రిక్వెస్టుకైతే కొసలను కూడా వదలకూడదు: మధ్య బ్లాకును చెరిపి, రెండు కొసల్లో నిజంగా సున్నాలు రాయాలి.

ఇమేజ్ ఫైలు సైజే 4096కు భాగించబడనప్పుడు చివరి సెక్టార్ దగ్గర ఇంకో చిక్కు. ఫిక్స్‌డ్ వీహెచ్‌డీ (ఒక రకం ఇమేజ్) ఫైలు చివర 512 బైట్ల ఫుటర్ (ఆ ఫైలు వివరాల ముక్క) ఉంటుంది కనుక దాని సైజు సాధారణంగా అలాగే తేలుతుంది. చివర్లో 4096 రాస్తే ఫైలు 3584 బైట్లు పెరుగుతుంది, ఫుటర్ చివర్లో ఉండదు. రా ఇమేజ్‌లో (ఫుటర్ లేని, డిస్కు నకలు లాంటి ఫైలులో) అయితే జీపీటీ బ్యాకప్ హెడర్ (పార్టిషన్ టేబుల్ నకలు తాలూకు హెడర్) డిస్కు చివర్న కనబడదు. చదివేటప్పుడు తక్కువ వస్తే మిగతాది సున్నాలతో నింపండి, రాశాక ఫైలును అసలు పొడవుకు కత్తిరించండి.

పరీక్షకు కొత్త డిస్కు కొననక్కర్లేదు. లైనక్స్‌లో లోసెటప్ కమాండుకు సెక్టార్-సైజ్ 4096 ఇస్తే ఏ ఫైలైనా 4కే డిస్కులా కనిపిస్తుంది. బ్లాక్‌డెవ్ కమాండుతో లాజికల్, ఫిజికల్ సైజులు సరిచూసుకుని, దాని మీద ఇమేజ్ పెట్టి, గెస్ట్‌లో ఎఫ్‌ఐఓ అనే డిస్కు పరీక్ష టూల్‌తో 512 బైట్ల ర్యాండమ్ రాతలు, క్యూ డెప్త్ 32 (ఒకేసారి 32 రిక్వెస్టులు), డైరెక్ట్ మోడ్, సీఆర్‌సీ32సీ వెరిఫై (రాసింది చెక్‌సమ్‌తో సరిచూడడం) నడపండి. పరిధి 1 ఎంబీకి మించకుండా పెడితే ఒకే బ్లాకులో ఢీకొనడం ఎక్కువై తప్పు త్వరగా దొరుకుతుంది. అలైన్‌మెంట్ విలువను ఊహించకండి: లైనక్స్ 6.1 నుంచి స్టాట్‌ఎక్స్ కాల్ (ఫైలు వివరాలు చెప్పే కెర్నెల్ ఫంక్షన్) మెమరీకి ఎంత, ఆఫ్‌సెట్‌కు ఎంత అని విడివిడిగా చెబుతుంది.

మీ ఇమేజ్ చెక్ టూల్ ‘తప్పులు లేవు’ అంటోందని మీవాళ్లు చెప్పారు. అది క్లస్టర్ల పట్టికను మాత్రమే చూస్తుంది. అందులోని డేటా పాతదో కొత్తదో దానికి తెలియదు. తెలిసేది డేటాబేసు సొంత చెక్‌లకే.

కాబట్టి మేం కోరేది: రాతల తాళం, ట్రిమ్ హద్దులు, 1024 పరిమితి, చివరి సెక్టార్ ఈ నాలుగింటికీ సవరణ విడుదల చేయండి. ఏయే వెర్షన్లలో ఈ తప్పులున్నాయో మీ కస్టమర్లందరికీ రాతపూర్వకంగా తెలియజేయండి. సవరణ వచ్చేదాకా 4కే-నేటివ్ డిస్కు మీద ఇమేజ్ తెరిచినప్పుడు ట్రిమ్ తనంతట తానే ఆగిపోయేలా, స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చేలా చూడండి. ట్రేస్ ఫైళ్లు టికెట్‌కు జతచేశాం. ఈసారి జవాబు సపోర్ట్ డెస్క్ నుంచి కాకుండా స్టోరేజి కోడ్ రాసేవారి నుంచి రావాలి.

ఇట్లు,
సర్వర్ నిర్వహణ బృందం,
ఒంగోలు.