ఆ రెండో బటన్ సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మిస్సైల్ టెస్ట్ అయిన ప్రతిసారి మన పేపర్లల్ల ఫస్ట్ పేజీల నిప్పులు కక్కుకుంటూ లేచే ఫోటో, పక్కన హైదరాబాద్ సైంటిస్టుల ఘనత అని వార్త. తప్పేం లేదు. 2024 మార్చి 11న ఒకటే అగ్ని-5 మీద ఎక్కువ వార్‌హెడ్లు (మిస్సైల్ ముందు పెట్టే బాంబులు) పెట్టి వేర్వేరు చోట్లకి పంపే టెక్నాలజీ టెస్ట్ చేసినప్పుడు, మన కంచన్‌బాగ్ ల్యాబుల పనితనం అని నేను కూడా కాలర్ ఎగరేసిన. కానీ ఆ వార్తల్ల రేంజ్ ఎంత, బరువెంత అనే ఉంటది, పొరపాటున పోతే ఆపే ఏర్పాటు ఏంది అని ఎవరూ అడగరు.

నేను బాలానగర్‌ల ముప్పై ఏళ్లు ఇనుప రేకులు నొక్కి కట్ చేసే పవర్ ప్రెస్సుల మీద పనిచేసిన. మెషీన్‌కి రెండు బటన్లు ఉంటయ్, రెండు చేతులతో ఒక్కసారే నొక్కితేనే ప్రెస్ కిందికి దిగుతది, అంటే చెయ్యి డై (అచ్చు) కింద ఉండే ఛాన్సే లేదు. మా షాపుల కొత్త మెషీన్ వచ్చింది, పాతదానికంటే డబుల్ స్పీడు, ఇంక ఈ రెండు బటన్లతోని ప్రొడక్షన్ లేటైతుందని ఒకదానికి వైరేసి బైపాస్ చేసిండ్రు. నెల తిరగలే, నా పక్కనోడి రెండు వేళ్లు పోయినయ్. ఓనర్ వచ్చి చూసి "మెషీన్ మంచిదే గదా" అన్నడు. నిజమే, మెషీన్‌ల ఏ లోపం లేదు.

న్యూక్లియర్ ఆయుధాల మోడర్నైజేషన్ అని చదివినప్పుడల్లా నాకు ఆ వైరే గుర్తొస్తది.

పాతబడ్డవి మార్చొద్దా అంటరు. మార్చాలె. అమెరికా వాళ్లు 2019 దాకా అణ్వాయుధాల కంట్రోల్ సిస్టమ్‌ల 8 అంగుళాల ఫ్లాపీలు (వెనకటి కంప్యూటర్ డిస్కులు) వాడిండ్రు, నవ్వాలో భయపడాలో తెల్వదు. 1970 నుంచి ఉన్న మినిట్‌మ్యాన్-3 మిస్సైళ్ల జాగాల సెంటినెల్ అని కొత్త మిస్సైల్ పెట్టాలని చూస్తున్నరు, దాని అంచనా ఖర్చు 2024కే సుమారు 14 వేల కోట్ల డాలర్లకు పోయింది, సరే వాళ్ల పైసలు వాళ్ల ఇష్టం. నాకు నచ్చనిది వాళ్ల బీ61-12 అనే అణుబాంబు. గురి తప్పకుండా తోక మార్చిండ్రు, పేలుడు ఎంత కావాలంటే అంత తగ్గించుకోవచ్చంట. చిన్నగ, కరెక్టుగ కొట్టొచ్చు అన్నంక, వాడితే ఏమైతది లే అనే ఆలోచన ఏదో ఒక రోజు ఎవరికో ఒకరికి రాదా? ఇన్నేళ్లు అణుబాంబు ఎవరూ వాడకపోవడానికి సగం కారణం అది మరీ పెద్దది కాబట్టే కదా.

ఇంక టైం. 1983 సెప్టెంబర్‌ల అమెరికా నుంచి 5 మిస్సైళ్లు వస్తున్నయని సోవియట్ సాటిలైట్ సిస్టమ్ చెప్పింది, డ్యూటీల ఉన్న పెట్రోవ్ అనే ఆఫీసర్ ఇది తప్పుడు అలారమే అని పైకి రిపోర్ట్ చేసిండు, చివరికి చూస్తే మబ్బుల మీద పడ్డ ఎండ. ఆయనకి ఆలోచించుకోను కొన్ని నిమిషాలన్నా దొరికినయ్. మనకీ పాకిస్తాన్‌కీ మధ్యల అంత కూడా దొరకదు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ మిస్సైల్ ఒకటి అనుకోకుండా పోయి పాకిస్తాన్‌ల మియాన్ చన్నూ దగ్గర పడ్డది, వార్‌హెడ్ లేదు, ఎవరూ చనిపోలే, తర్వాత ముగ్గురు ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్లను ఉద్యోగంల నుంచే తీసేసిండ్రు. రూల్ ప్రకారం చెయ్యలేదంట. బాలానగర్‌ల గూడ గిదే మాట అంటరు.

అణ్వాయుధాలు మనం ముందుగా వాడమని 2003 డాక్ట్రిన్‌ల (మన అణు విధానంల) రాసుకున్నం, వార్‌హెడ్ ఒకచోట మిస్సైల్ ఒకచోట ఉంచే పద్ధతి ఉండేది, నా లెక్కల అదే మన రెండో బటన్. ఇప్పుడు అగ్ని-5, అగ్ని-ప్రైమ్ కానిస్టర్‌ల (మూసేసిన పెద్ద గొట్టంల) సీల్ చేసి రెడీగ ఉంచే రకం, అట్లైతే కొన్నిటికి వార్‌హెడ్ ముందే బిగించి పెడుతున్నరేమో అని నిపుణులే అనుమానపడుతున్నరు. మా బామ్మర్ది ఏమంటడంటే, బావా చైనా ఊకుంటదా అని. ఊకోదు, ఆయుధాల లెక్కలు తీసే స్వీడన్ సంస్థ సిప్రి ప్రకారం 2025 జనవరికి వాళ్లకి వార్‌హెడ్లు 600, మనకి 180, పాకిస్తాన్‌కి 170. లెక్క పెరిగినకొద్దీ బైపాస్ వైరు తియ్యాలె గానీ వేస్తరా?

ఈసారి టెస్ట్ వార్త వేసినప్పుడు మీ రిపోర్టర్‌తోని ఒక్క ప్రశ్న అడిగించండి, వార్‌హెడ్ ఇంకా విడిగనే ఉంచుతున్నరా అని. చెప్పలేం అంటే, చెప్పలేమన్నరనే వెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రెస్ ఆపరేటర్,
బాలానగర్, హైదరాబాద్