రెయిడ్ అంటే మా ఊళ్లో వేరే అర్థం

సంపాదకుల వారికి నమస్కారం.

మిర్యాలగూడ సాగర్ రోడ్డులో నాకో ఫొటో స్టూడియో ఉంది. మొన్న మాఘమాసంలో టీ కొట్టు దగ్గర నిలబడి, హైదరాబాద్‌లో సర్వర్ల పని చేసే మా బామ్మర్దికి ఫోన్‌లో "మన రెయిడ్ పోయిందిరా" అంటుంటే, పక్కనున్న రైస్ మిల్లు గుమాస్తా టీ గ్లాసు కింద పెట్టేసి "ఎవరి మిల్లు మీద పడ్డరన్నా?" అని అడిగాడు. ఆయనకు చెప్పిందే మీ పాఠకులకూ చెబుదామని ఈ ఉత్తరం.

రెయిడ్ అంటే రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ హార్డ్‌డిస్కులను కలిపి ఒక్కటిగా వాడుకునే పద్ధతి. స్టూడియో ఫొటోలు, వీడియోలు దాచే బాక్సు ఒకటి 2019లో కొన్నాను, అందులో 4 టీబీల (టెరాబైట్ల) డిస్కులు నాలుగు. రెయిడ్‌లో నాది రెయిడ్ 5 అనే రకం, అందులో ఒక డిస్కంత చోటు లెక్కకే పోతుంది కాబట్టి చేతికొచ్చేది 12 టీబీ. గుమాస్తాకి ఇలా చెప్పాను: మూడు లారీల తూకం చీటీలు, మొత్తం రాసిన చీటీ ఒకటి ఉన్నాయనుకో. ఏ ఒక్కటి పోయినా మిగతా మూడింటితో లెక్క కట్టెయ్యొచ్చు. "రెండు పోతే?" అన్నాడు వెంటనే. బాక్సు కొన్న రోజు ఆ మాట నాకు తట్టలేదు, అమ్మినాయన చెప్పలేదు. ఆరేళ్లకు పైగా "నాకు బ్యాకప్ ఉంది" అనుకుంటూ తిరిగాను.

ముహూర్తాల సీజన్‌లో మూడో డిస్కు దగ్గర పచ్చ లైటు పోయి నారింజ లైటు వచ్చింది. మిల్లుల బూడిద పడిందేమోనని గుడ్డతో తుడిచాను కూడా, నవ్వకండి. పదకొండు రోజులు అట్లాగే నడిపించి, తీరిక దొరికాక కొత్త డిస్కు పెట్టాను. రీబిల్డ్, అంటే మిగతా మూడు డిస్కుల లెక్కతో కొత్త దాన్ని నింపే పని, 61 శాతం దాకా వచ్చి ఆగింది. ఈసారి చెడింది ఒకటో డిస్కు.

నాలుగూ ఒకే రోజు కొన్నవి, ఒకే వేడిలో నడిచినవి. పైగా రీబిల్డ్ అంటే ఏళ్ల తరబడి ముట్టుకోని మూలలు కూడా మొదటి నుంచి చివరి దాకా చదవాలి. నా డిస్కుల స్పెసిఫికేషన్ షీట్ తర్వాత తీసి చూశాను. 10 పక్కన పద్నాలుగో ఘాతం, అన్ని బిట్లు చదివితే ఒకటి చదవలేకపోవచ్చని రాసుంది. అది దాదాపు 12.5 టీబీ. అదొక హద్దు మాత్రమే, కచ్చితంగా అక్కడే చెడిపోతుందని కాదు. కానీ నా రీబిల్డ్ చదవాల్సింది 12 టీబీ.

ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి వచ్చి "ఇనీషియలైజ్ కొడితే లేస్తది అన్నా" అన్నాడు. నా చెయ్యి మౌస్ మీదే ఉంది. ఎందుకో బయటికొచ్చి బామ్మర్దికి ఫోన్ చేశాను. "బావా, ఏదీ నొక్కకు. అది నొక్కితే పాత లెక్క మీద కొత్త లెక్క రాసేస్తది. షట్‌డౌన్ చేసి, డిస్కుల మీద వరుసగా నంబర్లు రాసి పట్టుకురా" అన్నాడు.

డిస్కులను పెళ్లిలో పెట్టిన టవల్‌లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని సికింద్రాబాద్ రైలెక్కాను. పోయిన డేటా రికవరీ చేసే చోట పాత మూడో డిస్కుకి కరెంటిస్తే టిక్కు... టిక్కు... అని గోడ గడియారంలా కొట్టుకుంది. డిస్కును చదివే హెడ్ పోయిందట. రికవరీ చేసే ఆయన దాన్ని పక్కన పెట్టేశాడు. పదకొండు రోజుల పాత చీటీ, బాగున్నా పనికిరాదు. మిగతా మూడింటికీ డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కాపీలు తీశాడు. అది ముందు బాగా చదవగలిగే చోట్లన్నీ చదివేసి, మొండికేసిన చోట్లకు మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది. ఒకటో డిస్కుకి రెండు పగళ్లు, రెండు రాత్రులు పట్టింది. అసలు డిస్కులు అలమరాలో పెట్టి, కాపీలతోనే బాక్సును లేపాడు. ఖర్చు 42 వేలు, కొత్త డిస్కులు కాకుండా.

ఈ బాక్సులు అమ్మేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. బిల్లు మీద తెలుగులో "ఇది బ్యాకప్ కాదు, వేరే కాపీ పెట్టుకోండి" అని ముద్రించండి. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే నాలుగు డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది, వైరస్ వచ్చినా అంతే. డిస్కు చెడితే మెయిల్ పంపే సెట్టింగ్ కూడా అమ్మిన రోజే ఆన్ చేసివ్వండి. నా బాక్సులో అది ఆఫ్‌లో ఉందని ఇప్పుడు తెలిసింది. నా రెండో కాపీ ఇప్పుడు వేములపల్లిలో మా అత్తగారి బీరువాలో, పట్టుచీరల కింద ఉంది.

దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. ఒక్క పెళ్లి వీడియో మాత్రం అప్పగింతల దగ్గర గళ్లుగళ్లుగా విరిగిపోతోంది. వాళ్లు శుక్రవారం ఆల్బమ్‌కి వస్తున్నారు. ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
ఒక స్టూడియో యజమాని,
మిర్యాలగూడ, నల్గొండ జిల్లా