తెల్లవారినా దిగని మత్తు

సంపాదకులకు నమస్కారం.

వారాంతాల్లో రాత్రిపూట పోలీసులు జరిపే బ్రీత్ ఎనలైజర్ తనిఖీలను నేను మనసారా సమర్థిస్తాను. అయితే తాగి నడపడం రాత్రివేళ నేరమని, ఓ నిద్ర తీస్తే అంతా సర్దుకుంటుందని జనంలో పాతుకుపోయిన నమ్మకాన్ని ఆ తనిఖీల వేళలే బలపరుస్తున్నాయేమోనని నా ఆందోళన.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండి వాహనం నడిపితే నేరమే. అది రాత్రా, పగలా అన్న భేదం చట్టానికి లేదు. రక్తంలోని ఆల్కహాల్ సగటున గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గుతుంది. అర్ధరాత్రి 180 మిల్లీగ్రాములున్న మనిషి ఉదయం 6 గంటలకు స్టీరింగు పట్టేసరికి ఇంకా 90 దాకా, అంటే పరిమితికి మూడింతలు మిగిలే ఉంటుంది. అది 30కి దిగాలంటే పదింటి దాకా ఆగాలి. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం... వీటితో ఒళ్లు తేలికపడినట్టు అనిపించవచ్చు గాని కాలేయం పని ఒక్క నిమిషం కూడా ముందుకు జరగదు. పెళ్లి విందు ముగించుకుని, కాసేపు నడుం వాల్చి, పిల్లాపాపలతో వేకువనే ఊరికి బయలుదేరే వారిని చూసినప్పుడల్లా నాకు భయం వేస్తుంది.

2019 సెప్టెంబర్ 1 నుంచి ఈ నేరానికి తొలిసారి 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ పడవచ్చు. మళ్లీ దొరికితే జరిమానా 15,000, జైలు రెండేళ్ల దాకా. ప్రాణం పోతే వ్యవహారం అక్కడితో ఆగదు. 2006 నవంబరులో ముంబయి కార్టర్ రోడ్డులో తెల్లవారుజామున ఓ కారు పేవ్‌మెంటుపై నిద్రిస్తున్న కూలీల మీదికి దూసుకెళ్లి ఏడుగురు మరణించారు. నడిపిన వ్యక్తి రక్తంలో 112 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు పరీక్షలో తేలింది. కింది కోర్టు దాన్ని నిర్లక్ష్యంగానే పరిగణించగా, హైకోర్టు హత్య కాని నేరపూరిత నరహత్యగా తేల్చి మూడేళ్ల శిక్ష వేసింది. 2012లో సుప్రీంకోర్టు దాన్నే ఖరారు చేసింది. ఆ 112కూ, నేను పైన చెప్పిన ఉదయపు 90కీ మధ్య దూరం గంటన్నర మాత్రమే.

ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్లను డ్యూటీ ఎక్కే ముందు బ్రీత్ ఎనలైజర్‌తో పరీక్షించే పద్ధతి ఉంది. స్కూలు బస్సులకు, ప్రైవేటు ట్రావెల్స్‌కు కూడా రోజూ దాన్ని తప్పనిసరి చేయాలని, టోల్‌ప్లాజాల వద్ద ఉదయం 5 నుంచి 9 గంటల మధ్య తనిఖీలు మొదలుపెట్టాలని రెండు తెలుగు రాష్ట్రాల రవాణా, పోలీసు శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్