పోలీసు మీద కంప్లైంట్ మళ్ళీ పోలీసుకేనా? హోం సెక్రటరీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోం సెక్రటరీ గారికి నమస్కారం సార్,

మీ ఆఫీసులో ఇచ్చిన అర్జీలకి జవాబు రాలేదు కాబట్టి అందరి ముందే రాస్తున్నాను. మా బస్తీలో డెలివరీ పని చేసుకునే కుర్రాడిని రాత్రి స్టేషన్‌కి తీసుకెళ్ళి కొట్టారు, కేసూ లేదు ఎఫ్ఐఆరూ లేదు, చెయ్యి లేవక పని పోయింది, వాళ్ళమ్మ కంప్లైంట్ ఇస్తే ఎంక్వైరీ తిరిగి తిరిగి అదే స్టేషన్‌కి వచ్చింది. ఫుటేజ్ అడిగితే కెమెరా రిపేర్‌లో ఉందట (ఎప్పుడూ అదే రిపేర్!).

2006లోనే సుప్రీంకోర్టు పోలీసు సంస్కరణల మీద వచ్చిన ప్రకాశ్ సింగ్ కేసులో జిల్లాకో పోలీస్ కంప్లైంట్స్ అథారిటీ (పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే సంస్థ), రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షతన పెట్టమంది, 2020లో స్టేషన్లలో ఆడియోతో సీసీ కెమెరాలు పెట్టి కనీసం ఏడాది ఫుటేజ్ దాచమంది, వాటి బాధ్యత ఎస్‌హెచ్‌ఓదే (స్టేషన్ ఇన్‌చార్జ్ అధికారిదే) అంది.

మా నగరానికి ఆ అథారిటీని సొంత విచారణ సిబ్బందితో, పోలీసులు కాని సభ్యులతో వెంటనే వేయండి సార్, కంప్లైంట్ ఎక్కడ ఇవ్వాలో ప్రతి స్టేషన్ బయట తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టించండి. ఎప్పటిలోగా చేస్తారో తేదీ రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
ఒక బస్తీవాసి