పాఠశాల విద్యా సంచాలకుల గారికి: ప్యాంటు మాకూ కావాలి సార్

సార్, నమస్తే. చెన్నైలో ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి చదువుతున్న తెలుగమ్మాయిని. గేమ్‌లో నా క్యారెక్టర్‌కి ప్యాంటు వేసి గోడలు దూకిస్తాను, స్కూల్లో మాత్రం జూన్ ఎండలో కూడా చుడీదార్, దానిమీద రెండు భుజాలకీ పిన్నులు కొట్టిన చున్నీ, అది మృదంగం వాయిస్తుంటే ప్రతిసారీ చేతికి అడ్డమే. దండమూడి సుమతి గారు చీరలోనే వాయించి 2021లో పద్మశ్రీ తెచ్చుకున్నారుగా అంటుంది అమ్మమ్మ. ఆవిడ చీర ఆవిడ ఇష్టం, అమ్మమ్మా!

కేరళలో కోజికోడ్ జిల్లా బాలుశ్శేరి ప్రభుత్వ బాలికల స్కూల్లో 2021 డిసెంబర్‌లోనే ప్లస్ వన్ వాళ్లకి ప్యాంటూ చొక్కా ఇచ్చారు, గొడవ చేసినవాళ్లూ ఉన్నారనుకోండి. చున్నీయే బాగుందనే ఫ్రెండ్స్ నాకూ ఉన్నారు, వాళ్లని మార్చమనట్లేదు. కావాల్సినవాళ్లు ప్యాంటు వేసుకోవచ్చని ఒక్క సర్క్యులర్ పంపండి. వేసవి సెలవుల్లోపే పంపితే మేలు, జూన్‌లో టైలర్ దొరకడు.