చలన పాఠం లెక్కలతో ముగియరాదు

సంపాదకుల వారికి,

తొమ్మిదో తరగతిలో చలనం, బలం పాఠాలను సూత్రాలు బట్టీ పట్టించి, లెక్కలు చేయించి ముగించడం పిల్లలకు తీరని అన్యాయం. కదులుతున్న వస్తువును ఏదో ఒక బలం నెడుతూనే ఉండాలని బడి చదువు పూర్తయినవారిలోనూ చాలామంది నమ్ముతారు; ఫలిత బలం వల్ల కలిగేది వేగం కాదు, వేగంలో మార్పు అన్న న్యూటన్ మాట వారికి ఒంటబట్టలేదు.

మన చెన్నైలో బీచ్–తాంబరం లోకల్ రైలు ఒకే వేగంతో తిన్నగా సాగుతున్నప్పుడు నిటారుగా ఎగరేసిన నాణెం తిరిగి అరచేతిలోనే పడుతుంది. నాణెం గాలిలో ఉండగా బ్రేకు పడితే మాత్రం ముందుకు పోయి పడుతుంది. సమవేగాన్ని పెట్టె లోపలి ఏ ప్రయోగమూ పట్టివ్వలేదని, త్వరణం, అంటే వేగంలో మార్పు, వెంటనే బయటపడుతుందని పిల్లలు దీనితో గ్రహిస్తారు. గెలీలియో 1632లో ఓడను ఉదాహరణగా తీసుకుని చెప్పింది ఇదే. దీనికి కాంతి వేగం అందరు పరిశీలకులకూ ఒకటేనన్న నియమాన్ని జోడించి ఐన్‌స్టీన్ 1905లో ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతాన్ని నిర్మించారు కనుక, సాపేక్షత చిన్నపిల్లలకు అందనిదన్న వాదనను నేను ఒప్పుకోను. వేగాన్ని, గురుత్వాకర్షణను బట్టి కాలం నడక మారుతుందని చెప్పే సాపేక్షత వల్ల జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు నడుస్తాయని, దాన్ని సవరిస్తేనే ఫోను దారి సరిగా చూపుతుందని చెబితే ఏ పిల్లవాడు చెవి ఒగ్గడు?

ఇక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లో ఓడలో ఇంగ్లండు వెళ్తూ, సాపేక్షతను లెక్కలోకి తీసుకుని, ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన శ్వేత మరుగుజ్జు నక్షత్రాల ద్రవ్యరాశికి ఒక హద్దు ఉందని తేల్చారు.

నగరంలోని తెలుగు విద్యార్థుల కోసం ఇటువంటి సులభ ప్రయోగాలను మీ పత్రిక వారం వారం ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై