పొగ ఏ రంగులో వస్తోంది?

చి. శ్రీనుకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. నాన్నకు బీపీ అదుపులోనే ఉంది. కూరలో ఉప్పు తగ్గిస్తే మజ్జిగలో వేసుకుంటున్నారు, అది వేరే సంగతి. పద్మ వాళ్ళ చంటిదానికి పళ్ళు వస్తున్నాయి. నువ్వు ఫోను చేసి చాలా రోజులైంది. పని ఒత్తిడి అయి ఉంటుంది, నేనేమీ అనుకోవడం లేదు.

మొన్న రమణ వచ్చాడు. మాటల మధ్యలో నువ్వు సెకండ్‌హ్యాండ్ కారు కొన్నావనీ, పొద్దున్నే స్టార్ట్ చేస్తే పైవాళ్ళు కిటికీలు వేసుకుంటున్నారనీ చెప్పాడు. కొన్నందుకు సంతోషం. మాకు చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. పొగ ఏ రంగులో ఉందిరా అని అడిగితే, ‘పొగ రంగులోనే ఉంది పిన్నీ’ అన్నాడు. వాడికి తెలియదు సరే, ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల కొట్టు నడిపిన ఇంట్లో పెరిగినవాడివి, నువ్వైనా గమనించావా?

చలికాలం పొద్దున సైలెన్సర్ నుంచి పల్చగా ఆవిరి రావడం, నాలుగు నీటిచుక్కలు రాలడం మామూలే. ఇంజన్ వేడెక్కితే పోతుంది. అలా పోకుండా తెల్లపొగ దట్టంగా వస్తూ, కాస్త తియ్యటి వాసన వేస్తుంటే మాత్రం ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపల కాలుతోందని అర్థం. ఇంజన్ పైభాగానికీ, అదే హెడ్‌కీ, కింది భాగానికీ మధ్య బిగించే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. నీలిపొగ అయితే బండి ఆయిల్ తాగుతోంది. అందులోనూ, స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని ఆగిపోతే పైనుంచి ఆయిల్ దిగకుండా ఆపే రబ్బరు వాల్వ్ సీళ్ళు గట్టిపడి ఉండవచ్చు. రాత్రంతా చుక్కచుక్కగా దిగిన ఆయిల్ పొద్దున మండుతుంది. యాక్సిలరేటర్ నొక్కిన ప్రతిసారీ వస్తుంటే ఇంజన్ విప్పి పిస్టన్ రింగుల దాకా వెళ్ళాల్సి రావచ్చు. నల్లపొగ అంటే ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడమను, ఖర్చు లేని పని అదే.

పాఠం చెప్పాలని కాదు, ఏదో గుర్తొచ్చి రాస్తున్నాను. ఉసిరికాయ పచ్చడి పెట్టాను. ఈసారి కాయ బాగుంది.

మన్యంలో, ఆ చలి ఊరు చింతపల్లిలో ఉన్నప్పటి పెదనాన్న డీజిల్ అంబాసిడర్ నీకు గుర్తుండదు. పొద్దున్నే ఎంతసేపటికీ స్టార్ట్ అయ్యేది కాదు. స్టార్ట్ అయిందా, తెల్లపొగలో వీధి కనిపించేది కాదు. అక్కడి మెకానిక్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలన్నాడు. పెదనాన్న కంగారుపడి, సంక్రాంతికి ఆ బండి వేసుకుని మన కొట్టు దగ్గరికే వచ్చేశారు. పక్క షెడ్డు మస్తాన్ గారు బండిని రాత్రికి అక్కడే వదిలి వెళ్ళమన్నారు. తెల్లవారి, ఎవరూ తాళం తిప్పకముందే రేడియేటర్ మూత తీసి చూస్తే నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. ఆయిల్ గేజి తీసి వేళ్ళ మధ్య రాసి చూశారు, నురగ లేదు, అంటే ఆయిల్‌లో నీళ్ళు కలవలేదు. స్టార్ట్ చేయించి వెనక నిలబడ్డారు. ‘తీపి వాసన లేదమ్మా, పచ్చి డీజిల్. కళ్ళు మండుతున్నాయి’ అన్నారు. పెదనాన్న ఒప్పుకుంటే కదా! చింతపల్లి మెకానిక్ చాలా అనుభవం ఉన్నవాడంటారు. మస్తాన్ గారు వాదించలేదు. ‘అక్కడి కంటే ఇక్కడ పొగ తక్కువేనా?’ అని మాత్రం అడిగారు. సగం కూడా లేదని పెదనాన్నే అన్నారు. ‘ఊరు మారితే గ్యాస్కెట్ బాగుపడుతుందా సార్?’ అని నవ్వి, స్టార్ట్ చేసేముందు సిలిండర్లను వేడిచేసే హీటర్ ప్లగ్గులు నాలుగూ విప్పి ఒక్కొక్కటే బ్యాటరీకి తగిలించారు. రెండింటి కొసలు చూస్తుండగానే ఎర్రబడ్డాయి. మిగతా రెండూ నల్లగా అలాగే ఉండిపోయాయి. వేడి చాలని సిలిండర్లలో డీజిల్ సరిగా మండక, పొగై బయటికి వస్తోందన్నమాట. కొత్త ప్లగ్గులు మన కొట్లోవే ఇచ్చాం. నాన్న డబ్బు వద్దన్నారు. పద్దులో నేను రాశాను, అది ఇప్పటికీ అలాగే ఉంది.

కొనేముందు నువ్వు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశావా? మనం వెళ్ళేలోపే ఇంజన్ వేడిచేసి ఉంచే అమ్మకందార్లు ఉంటారు. అప్పుడు ఈ పొద్దుటి పొగ బయటపడదు. చిక్కటి ఆయిల్ పోసి కప్పిపుచ్చేవాళ్ళూ ఉన్నారు. అయిందేదో అయింది, ఒక్కమాట చెప్పి కొంటే నాన్న వచ్చేవారు కదా.

రాత్రి బండిని సెల్లార్‌లో కాకుండా బయట పెట్టు. పొద్దున స్టార్ట్ చేయకముందే కూలెంట్ మట్టం చూడు. ఆయిల్ గేజి తుడిచి, మళ్ళీ పెట్టి తీసి చూడు; పై గీత దాటి పోసినా నీలిపొగ రావచ్చు. ఎవరినైనా తాళం తిప్పమని నువ్వు కాస్త దూరంగా, పక్కకు నిలబడి రంగు, వాసన, ఎంతసేపు ఉంటోందో చూసుకో. సైలెన్సర్ దగ్గర ముక్కు పెట్టేవు! మూసి ఉన్న చోట ఇంజన్ ఆన్‌లో ఉంచకు, పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ముట్టుకోకు. స్వెట్టర్ వేసుకో. ఇంజన్ దించాలని ఎవరైనా అంటే నాన్నతో మాట్లాడకుండా సరేననకు.

రమణ ఆదివారం రాత్రి బస్సుకు బయలుదేరుతున్నాడు. పచ్చడి సీసా, కొత్త దుప్పటి వాడి చేతికిస్తున్నాను. సీసా మూత బిగించాను కానీ నిలబెట్టే తీసుకెళ్ళమని నువ్వు కూడా ఒకసారి వాడికి చెప్పు. ఈ ఉత్తరం అందిన రోజు కాదు, మర్నాడు పొద్దున పొగ చూశాక ఫోను చెయ్యి. ఆరింటికే లేచి ఉంటాం.

ఇట్లు,
అమ్మ

తా.క. ఇంతకూ అది పెట్రోలా, డీజిలా? ఎంతకు కొన్నావో నాన్న అడగమన్నారు.